కంటిలో కలుపు నాళాలు: వాటిని అదుపు చేసే మందుల పరీక్షా చరిత్ర

పొలానికి నీరు చాలనప్పుడు రైతు కొత్త బోదె తీసి నీరు పెట్టుకుంటాడు. దేహంలోని కణజాలాలూ ఇటువంటి పనే చేస్తాయి. ఒకచోట ఆమ్లజని, అంటే ఆక్సిజన్, చాలకపోతే అక్కడికి కొత్త రక్తనాళాలు మొలుచుకొని వస్తాయి. గాయం మానటానికీ, గర్భంలో శిశువు పెరగటానికీ ఈ గుణమే ఆధారం. కాని కంటిలో ఇదే గుణం కీడుగా పరిణమిస్తుంది. కన్ను కాంతి అడ్డు లేకుండా సాగిపోవలసిన అవయవం. అక్కడ వేళకాని వేళ మొలచిన నాళం గట్టు లేని కాలువ వంటిది. దాని గోడలు బలహీనమైనవి. అది కారుతుంది, చిట్లుతుంది, చివరకు మచ్చ కట్టి చూపును కప్పివేస్తుంది.

చూపును హరించే మూడు పెద్ద వ్యాధులకు ఈ కలుపు నాళాలే మూలం. మొదటిది నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు వచ్చేది. రెండవది మధుమేహ రోగులకు వచ్చేది. మూడవది వృద్ధులలో పచ్చచుక్క క్షీణించటం వలన వచ్చే వ్యాధి. నేత్రపటలం మధ్యనుండే ఈ పచ్చచుక్క సాయంతోనే మనం అక్షరాలు చదువుతాము, ముఖాలు గుర్తుపడతాము. ఈ వ్యాధిలోని తడి రకంలో, నేత్రపటలం వెనుకనున్న రక్తపటలం నుండి కొత్త నాళాలు పొరను చీల్చుకొని వచ్చి పచ్చచుక్క క్రిందికి చేరతాయి. 21వ శతాబ్దం ఆరంభం వరకు ఇలా పోయిన చూపును తిరిగి తెచ్చే ఉపాయం వైద్యుల చేతిలో దాదాపు లేదు. ఆ తరువాత మందులు వచ్చాయి. ఆ మందులు నిజంగా పనిచేస్తాయని ఎలా తెలిసింది? ఈ చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న అదే.

కనిపించని పదార్థం

1942లో అమెరికాలోని బోస్టన్ నగరంలో థియొడోర్ టెర్రీ అనే నేత్రవైద్యుడు, నెలలు నిండని శిశువుల కంటిలో కటకం వెనుక తెల్లని పొర ఏర్పడటాన్ని వర్ణించాడు. ఆ తరువాతి పది పన్నెండేళ్లలో అనేక దేశాలలో కలిపి సుమారు 10,000 మంది శిశువులు ఈ వ్యాధితో అంధులయ్యారని అంచనా. 1951లో ఆస్ట్రేలియాకు చెందిన కేట్ కాంప్‌బెల్ అనే వైద్యురాలు దీనికి కారణం ఆమ్లజని కావచ్చునని సూచించింది. పసికందుల ప్రాణం నిలపటానికి వారిని ఉంచే పెట్టెలలోనికి ఆమ్లజనిని ధారాళంగా పంపటం ఆనాటి ఆచారం. ప్రాణం పోసే వాయువే చూపు తీస్తుందంటే నమ్మటం కష్టం. అందుచేత అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి 1953లో ఒక పరీక్ష ప్రారంభించాయి. కొందరు శిశువులకు అలవాటు ప్రకారం ఆమ్లజని ఇచ్చారు. కొందరికి అవసరమైనంత వరకే ఇచ్చారు. 1954 నాటికి సంగతి తేలిపోయింది. ధారాళంగా ఆమ్లజని పొందిన శిశువులలోనే వ్యాధి ఎక్కువ.

ఆమ్లజని రక్తనాళాలను ఎలా చెరుస్తుంది? అదే కాలంలో లండనులో నార్మన్ ఆష్టన్ పిల్లికూనల మీద ప్రయోగాలు చేశాడు. పిల్లికూన పుట్టేనాటికి దాని నేత్రపటలంలోని రక్తనాళాలు పూర్తిగా పెరిగి ఉండవు. కనుక నెలలు నిండని శిశువు కంటికి అది తగిన నమూనా. ఎక్కువ ఆమ్లజనిలో ఉంచినప్పుడు ఆ లేత నాళాలు మూసుకుపోయాయి. తిరిగి మామూలు గాలిలోనికి తెచ్చిన తరువాత, రక్తం అందని నేత్రపటలం వైపు కొత్త నాళాలు అడ్డదిడ్డంగా చెలరేగాయి.

ఈ దృశ్యానికి అర్థం చెప్పగల ఊహ అంతకు ముందే, 1948లో, వెలువడి ఉన్నది. స్కాట్లండుకు చెందిన ఐజాక్ మైకేల్సన్ నేత్రపటలంలో నాళాలు పెరిగే తీరును పరిశీలించాడు. ఆమ్లజని నిండుగా ఉండే ధమనుల దగ్గర కేశనాళికలు తక్కువగానూ, సిరల వైపు ఎక్కువగానూ మొలవటం గమనించాడు. ఆమ్లజని కరవైన కణజాలం ఏదో ఒక పదార్థాన్ని విడుదల చేస్తున్నదనీ, అది వ్యాపించి నాళాలను పిలుచుకొంటున్నదనీ భావించాడు. ఆ పదార్థం ఏదో ఎవరికీ తెలియదు. గణితంలో తెలియని రాశికి పెట్టినట్లు దానికి ‘ఎక్స్’ కారకం అనే పేరు నిలిచింది. ఆ రాశి విలువ తేలటానికి 40 ఏళ్లు పైగా పట్టింది.

కుందేలు కన్ను చెప్పిన సాక్ష్యం

ఈ లోగా సమస్య మరొక దారిన ముందుకు సాగింది. బోస్టన్ బాలల ఆసుపత్రిలో శస్త్రవైద్యుడైన జూడా ఫోక్‌మన్, క్యాన్సరు కంతులు రక్తనాళాలు లేనిదే ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగలేవని గమనించాడు. కంతి తనకు కావలసిన నాళాలను ఒక పదార్థం ద్వారా రప్పించుకొంటుందనీ, ఆ పదార్థాన్ని అడ్డగిస్తే కంతిని నిలువరించవచ్చుననీ 1971లో ప్రకటించాడు. చాలమంది శాస్త్రజ్ఞులు దీనిని నమ్మలేదు.

దానికి రుజువు చూపటానికి ఆయన బృందం ఎంచుకొన్నది కన్నే. కంటి ముందుభాగంలోని శుక్లపటలంలో సహజంగా రక్తనాళాలు ఉండవు. అద్దం వంటి ఆ పొరలో ఒక్క నాళం మొలచినా స్పష్టంగా కనిపిస్తుంది. కుందేలు శుక్లపటలంలో చిన్న కంతి ముక్కను అమర్చగా, అంచునుండి నాళాలు దాని వైపు పెరిగి వచ్చాయి. కంటి ముందరి గదిలోని ద్రవంలో నాళాలకు దూరంగా తేలుతూ ఉన్న కంతులు మాత్రం చిన్నవిగానే ఉండిపోయాయి. పిలిచే పదార్థం ఉన్నదనటానికి సాక్ష్యం దొరికింది. ఇక ఆ పదార్థాన్ని పట్టుకోవలసి ఉన్నది.

రెండు పేర్లు, ఒకే పదార్థం

1983లో బోస్టన్‌లో డోనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వొరాక్ మొదలైనవారు గినీపందుల కంతులనుండి ఒక ప్రోటీనును గుర్తించారు. అది రక్తనాళాల గోడలగుండా ద్రవం కారేటట్లు చేస్తుంది. 1989లో కాలిఫోర్నియాలోని జెనెన్‌టెక్ సంస్థలో నెపోలియోన్ ఫెరారా, ఆవు పీయూష గ్రంథి కణాలనుండి మరొక ప్రోటీనును శుద్ధి చేశాడు. అది రక్తనాళాల లోపలి పొర కణాలను వృద్ధి చేస్తుంది. ఆయన దానికి వాస్క్యులర్ ఎండోథీలియల్ గ్రోత్ ఫాక్టర్ అని పేరు పెట్టాడు. పొడి అక్షరాలలో వి.ఇ.జి.ఎఫ్. అంటారు. రెండింటి నిర్మాణాన్ని సరిపోల్చి చూస్తే అవి వేరు వేరు కావు, ఒకే ప్రోటీను! నాళాలను మొలిపించేదీ, వాటిని కారేటట్లు చేసేదీ ఒకటే. కంటి వ్యాధిలో కనిపించే రెండు లక్షణాలకూ ఒకే కారణం దొరికినట్లయింది. 1992లో జెరూసలెంలో ఎలీ కెషెత్ బృందం, ఆమ్లజని తగ్గిన కణాలలో ఈ ప్రోటీను తయారీ పెరుగుతుందని చూపింది. మైకేల్సన్ ఊహించిన గుణాలన్నీ దీనిలో ఉన్నాయి.

అయినా ఒక పదార్థం వ్యాధి ఉన్నచోట కనిపించినంత మాత్రాన అది వ్యాధికి కారణమని చెప్పటానికి వీలులేదు. అగ్నిమాపక దళం కనిపించిన ప్రతిచోటా మంట ఉంటుంది. మంట పెట్టింది మాత్రం ఆ దళం కాదు. అందుచేత శాస్త్రజ్ఞులు మూడు మెట్లుగా విచారణ జరిపారు. మొదటి మెట్టు, పదార్థం ఉనికి: 1994లో బోస్టన్‌లో లాయిడ్ ఐయెల్లో మొదలైనవారు 164 మంది రోగుల కళ్లనుండి తీసిన 210 ద్రవ నమూనాలను పరీక్షించారు. కొత్త నాళాలు చురుకుగా పెరుగుతున్న కళ్లలో వి.ఇ.జి.ఎఫ్. హెచ్చుగా ఉన్నది. లేజరు చికిత్స ఫలించిన తరువాత అది 75 శాతం తగ్గింది. రెండవ మెట్టు, పదార్థాన్ని చేర్చి చూడటం: 1996లో ఆరోగ్యమైన కోతుల కంటిలోనికి వి.ఇ.జి.ఎఫ్. ఎక్కించగా కొత్త నాళాలు మొలిచాయి. మూడవ మెట్టు, పదార్థాన్ని తీసి చూడటం: అదే ఏట ఆంథొనీ ఆడమిస్ బృందం, వ్యాధి కలిగించిన కోతుల కంటిలోనికి వి.ఇ.జి.ఎఫ్.ను బంధించే ప్రతిరక్షకాన్ని ఎక్కించి నాళాలు మొలవకుండా ఆపింది. ఉన్నచోట వ్యాధి, చేర్చితే వ్యాధి, తీసివేస్తే వ్యాధి లేదు. ఈ మూడూ కుదిరినప్పుడే కారణమనే మాట నిలుస్తుంది.

ఆశ వేరు, రుజువు వేరు

కారణం తెలిసినా, మనిషి కంటిలో మందు పనిచేస్తుందనే నమ్మకం ఏమిటి? ఆ సందేహం ఎంత అవసరమో అదే దశకంలో ఒక ఉదాహరణ నేర్పింది. ఇంటర్‌ఫెరాన్ అనే మందు నాళాల పెరుగుదలను ఆపగలదని అంతకు ముందు కొన్ని సూచనలు కనిపించాయి. 1990 ప్రాంతాలలో కొద్దిమంది వృద్ధులకు దానిని ఇచ్చి చూచిన వైద్యులు కొందరిలో గుణం కనిపించిందని ఆశతో ప్రకటించారు. కాని ఆ రోగులను మందు తీసుకోని వారితో పోల్చి చూడలేదు. తరువాత 481 మంది రోగులను చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా విభజించి, కొందరికి మందు, కొందరికి మందు లేని సూది ఇచ్చి పరీక్షించారు. 1997లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంటర్‌ఫెరాన్ వలన మేలు లేదు. హెచ్చు మోతాదులో అది కీడే చేస్తుండవచ్చుననే అనుమానం కూడా కలిగింది. పోలిక లేని ప్రయోగం ఎంతటి అనుభవజ్ఞులనైనా మోసగించగలదు.

అక్షరాల పటం

కంటి మందు ఫలితాన్ని కొలవటానికి వాడే సాధనం చాల సామాన్యమైనది. అది గోడకు తగిలించే అక్షరాల పటం. పరీక్షలలో వాడే పటంలో ప్రతి వరుసకూ అయిదు అక్షరాలు ఉంటాయి. క్రిందికి పోయినకొద్దీ అక్షరాల పరిమాణం ఒక నిష్పత్తిలో తగ్గుతుంది. 15 అక్షరాలు, అంటే మూడు వరుసలు, తక్కువ చదివితే చూపు బాగా తగ్గినట్లు, ఎక్కువ చదివితే బాగా మెరుగైనట్లు లెక్క.

ఈ కొలతతో నిరూపణ పొంది, 2004 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన మొదటి వి.ఇ.జి.ఎఫ్. నిరోధక మందు పెగాప్టనిబ్. అది వి.ఇ.జి.ఎఫ్.కు అతుక్కొనేటట్లు రూపొందించిన ఆర్.ఎన్.ఎ. ముక్క. ఆరేసి వారాలకొకసారి దానిని సన్నని సూదితో కంటి లోపలి కాచావత్ కుహరంలోనికి ఎక్కిస్తారు. సుమారు 1,190 మంది మీద జరిగిన పరీక్షలలో, ఏడాది గడిచేసరికి 15 అక్షరాల నష్టం కలగకుండా నిలిచినవారు మందు పొందినవారిలో 70 శాతం, పొందనివారిలో 55 శాతం. నష్టం నెమ్మదించింది. పోయిన చూపు మాత్రం చాలమందికి తిరిగి రాలేదు.

తరువాతి మందు రానిబిజుమాబ్. ఇది వి.ఇ.జి.ఎఫ్. ప్రతిరక్షకంలోని ఒక చిన్న ఖండం. పూర్తి ప్రతిరక్షకం పెద్ద అణువు కనుక నేత్రపటలంలోనికి చొచ్చుకుపోదని అప్పట్లో భావించి, ఖండాన్ని తయారు చేశారు. మెరీనా అనే పేరుగల పరీక్షలో 716 మంది చేరారు. వారిని మూడు వర్గాలు చేశారు. రెండు వర్గాలకు నెలనెలా రెండు వేరు వేరు మోతాదులలో మందు ఎక్కించారు. మూడవ వర్గంలోని 238 మందికి సూది లేని సిరంజిని కంటికి అదిమి, ఎక్కించినట్లు అనిపింపజేశారు. చూపు కొలిచే వైద్యునికి ఎవరు ఏ వర్గంవారో తెలియదు. రోగికీ తెలియదు. తెలిస్తే ఆశే నాలుగు అక్షరాలు ఎక్కువ చదివించవచ్చు!

2006లో ప్రకటించిన ఫలితాలు నేత్రవైద్యులను ఆశ్చర్యపరిచాయి. ఏడాది చివర, హెచ్చు మోతాదు వర్గం సగటున 7.2 అక్షరాలు ఎక్కువ చదివింది. మందు పొందని వర్గం 10.4 అక్షరాలు కోల్పోయింది. 15 అక్షరాలు లాభించినవారు మొదటి వర్గంలో 33.8 శాతం. మందు లేని వర్గంలో కూడా 5 శాతం మందికి అంత మెరుగు కనిపించింది. విద్యార్థులు ఈ 5 శాతాన్ని ప్రత్యేకంగా గమనించాలి. పోలిక వర్గం లేకపోతే, తమంతట తాము బాగుపడిన ఇటువంటి వారినే చూపి, పనికిరాని మందును కూడా దివ్యౌషధమని చాటవచ్చు.

ఈ జ్ఞానానికి మూల్యం చెల్లించినవారు ఆ 238 మంది. పరీక్ష మొదలైనప్పుడు వారి రకం వ్యాధికి నిరూపితమైన మందు లేదు. అందువలననే అటువంటి పోలిక ధర్మసమ్మతమయింది. మందు రుజువైన తరువాత, ఆ వ్యాధికి కొత్త మందును పరీక్షించేవారు రోగిని ఏ మందూ ఇవ్వకుండా ఉంచటం న్యాయం కాదు. అప్పటినుండి కొత్త మందును పాత మందుతోనే పోల్చవలసి వచ్చింది.

ఖరీదైన మందు, చౌక మందు

ఇక్కడ చరిత్ర మరొక మలుపు తిరిగింది. రానిబిజుమాబ్‌కు తోబుట్టువు వంటి మందు ఒకటి ఉన్నది. దాని పేరు బెవసిజుమాబ్. అది పూర్తి ప్రతిరక్షకం. పెద్దప్రేగు క్యాన్సరు చికిత్సకు 2004 ఫిబ్రవరిలో అనుమతి పొందింది. 2005లో మయామీ నగరంలో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ దానిని అతి స్వల్పమైన మోతాదులో కంటిలోనికి ఎక్కించి చూచాడు. వారం తిరిగేసరికి నేత్రపటలం వాపు తగ్గటం కనిపించింది. పెద్ద అణువు లోపలికి పోదనే భయం నిలవలేదు. కొద్ది నెలలలోనే ఈ పద్ధతి దేశదేశాలకు ప్రాకింది.

కారణం ధరలోని తేడా. క్యాన్సరు రోగికోసం చేసిన 4 మిల్లీలీటర్ల సీసాలో 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కంటికి కావలసినది 1.25 మిల్లీగ్రాములు. లెక్కకు ఒక సీసా 80 మోతాదులవుతుంది. అమెరికాలో రానిబిజుమాబ్ ఒక మోతాదు ధర సుమారు 2,000 డాలర్లు కాగా, ఇలా పంచిన బెవసిజుమాబ్ 50 డాలర్లకే వచ్చింది.

కాని చౌక మందు ఖరీదైన దానితో సమానమని రుజువు ఎక్కడ? రెండింటినీ రూపొందించినది ఒకే సంస్థ. బెవసిజుమాబ్‌ను కంటికి వాడటానికి ఆ సంస్థ అనుమతి కోరలేదు. అటువంటి పరీక్ష ప్రజాధనంతోనే జరగవలసి వచ్చింది. అమెరికా జాతీయ నేత్ర సంస్థ ధనసహాయంతో కాట్ అనే పరీక్షలో 1,208 మంది రోగులను చేర్చుకొన్నారు. ప్రశ్న సూటిగా ఉన్నది: రెండు మందుల మధ్య తేడా సగటున 5 అక్షరాలకు లోపలే ఉంటుందా?

2011లో సమాధానం వచ్చింది. నెలనెలా మందు పొందినవారిలో బెవసిజుమాబ్ వర్గం 8.0 అక్షరాలు, రానిబిజుమాబ్ వర్గం 8.5 అక్షరాలు లాభించాయి. చూపు విషయంలో రెండూ సమానమే. ఏడాదికి ఒక్కొక్క రోగికి అయిన మందు ఖర్చు మాత్రం ఒకదానికి 595 డాలర్లు, మరొకదానికి 23,400 డాలర్లు. బెవసిజుమాబ్ పొందినవారిలో ఇతర తీవ్ర అనారోగ్యాలు కొంత ఎక్కువగా, 19.0 శాతానికి ఎదురుగా 24.1 శాతంగా, కనిపించాయి. ఈ అంకెను ఎవరూ దాచలేదు. తరువాత జరిగిన పరీక్షలను కూడా కలుపుకొని 2014లో చేసిన ఒక సమీక్షలో, మొత్తం మీద క్షేమం విషయంలోనూ రెండు మందులూ సుమారుగా సమానమని తేలింది. అంతకు ముందే, 2013లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ బెవసిజుమాబ్‌ను నేత్రవ్యాధులకు అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది.

సమానమన్న మాటకూ హద్దులున్నాయి. 2015లో, మధుమేహం వలన పచ్చచుక్క వాచిన 660 మంది మీద మూడు మందులను పోల్చారు. మూడవది 2011లో వచ్చిన అఫ్లిబర్‌సెప్ట్. ఆరంభంలో చూపు కొద్దిగా మాత్రమే తగ్గినవారిలో మూడింటికీ తేడా లేదు. బాగా తగ్గినవారిలో మాత్రం ఏడాదికి అఫ్లిబర్‌సెప్ట్ 18.9, రానిబిజుమాబ్ 14.2, బెవసిజుమాబ్ 11.8 అక్షరాల లాభం చేకూర్చాయి. ఏ మందు మేలు అన్న ప్రశ్నకు, ఏ రోగికి అన్న ఎదురు ప్రశ్న తప్పదు.

పరీక్ష ముగియదు

అనుమతి లభించటంతో పరీక్ష ముగిసిందనుకోవటం పొరపాటు. 2011లో ఫ్లోరిడా రాష్ట్రంలో, సిరంజిలలోనికి పంచిన బెవసిజుమాబ్ కలుషితమై 12 మందికి కంటిలో తీవ్రమైన సూక్ష్మజీవుల వ్యాధి సోకింది. మందు మంచిదే. దానిని పంచిన చోట శుచి లోపించింది. 2016లో పెగ్‌ప్లెరానిబ్ అనే మందు, మధ్యదశ పరీక్షలో ఆశ కలిగించి, తుది దశలో నెగ్గలేకపోయింది. 2019లో అనుమతి పొందిన బ్రొలుసిజుమాబ్ వలన కొందరికి నేత్రపటలంలోని రక్తనాళాలు వాచి మూసుకుపోతున్నవని 2020లో హెచ్చరికలు వెలువడ్డాయి. అరుదైన కీడు కొన్ని వందల మందిలో బయటపడకపోవచ్చు. వేలమంది వాడినప్పుడే అది తెలుస్తుంది.

భారతదేశంలో రానిబిజుమాబ్‌ను పోలిన దేశీయ ఔషధం 2015లో అనుమతి పొందింది. ఈ మందుకు ప్రపంచంలో అటువంటి ప్రతిరూపం ఇదే మొదటిది. దాని వలన ధర తగ్గి, మందు మరింతమందికి అందుబాటులోనికి వచ్చింది.

చివరకు కథ మొదలైన చోటికే పరీక్షలు తిరిగి వచ్చాయి. 2011లో అమెరికాలో 150 మంది నెలలు నిండని శిశువుల మీద బెవసిజుమాబ్‌ను లేజరు చికిత్సతో పోల్చారు. వ్యాధి తిరుగబెట్టినది మందు పొందిన కళ్లలో 4 శాతం, లేజరు పొందిన కళ్లలో 22 శాతం. అయినా వైద్యులు తొందరపడలేదు. కంటిలో వేసిన మందు కొంత రక్తంలోనికి చేరుతుంది. పసిబిడ్డ మెదడు, ఊపిరితిత్తులు పెరగటానికి కావలసినది కూడా ఈ వి.ఇ.జి.ఎఫ్.యే. కలుపుతో పాటు పైరును కూడా పీకకూడదు కదా! అందుచేత తరువాతి పరీక్షలు ఎంత తక్కువ మోతాదు చాలునన్న ప్రశ్నను చేపట్టాయి. చికిత్స పొందిన బిడ్డలు నడక, మాట, చదువు నేర్చేవరకు వారిని కనిపెట్టి ఉండటం కూడా ఈ పరీక్షలలో భాగమయింది.

1948లో ఒక ఊహగా పుట్టిన పదార్థం 1989లో చేతికి దొరికింది. 2006లో అది పోయిన చూపును కొంత తిరిగి తెచ్చే చికిత్సకు దారి చూపింది. ఈ దారి పొడవునా ఊహలకు కొరత లేదు. వాటిలో నిజమేదో, కానిదేదో వేరు చేసినవి మాత్రం పిల్లికూనలు, కుందేళ్లు, కోతులు, సామాన్యమైన అక్షరాల పటం, తమకు మందు వచ్చినదో లేదో తెలియకుండానే నెలనెలా వచ్చి ఆ పటం ముందు కూర్చున్న వేలకొలది వృద్ధులు.